మహిళల గడిలో దళిత స్త్రీ ఎక్కడ?

స్టాండప్ ఇండియా పథకాన్ని 2016 ఏప్రిల్ 5న ప్రారంభించినప్పుడు కేంద్ర ప్రభుత్వం పెట్టిన నియమం చాలా సరళమైనది. దేశంలోని ప్రతి వాణిజ్య బ్యాంకు శాఖా ఎస్సీ లేదా ఎస్టీ వర్గాల నుంచి కనీసం ఒకరికి, మహిళల నుంచి కనీసం ఒకరికి కొత్త సంస్థ నెలకొల్పుకోవడానికి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణం ఇవ్వాలి. శాఖలు సుమారు 1.25 లక్షలు. శాఖకు ఇద్దరు చొప్పున లబ్ధిదారులు 2.5 లక్షలు. ఈ రుణాలకు రీఫైనాన్స్ వసతి కల్పించే బాధ్యతను చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు అయిన సిడ్బీకి అప్పగించారు. ఏడేళ్ల తర్వాత, 2023 మార్చి నాటికి మంజూరైన ఖాతాలు 1,80,636. మంజూరైన మొత్తం 40,710 కోట్ల రూపాయలు. ఈ ఖాతాల లెక్కను ప్రభుత్వం మూడు గళ్ళలో ప్రకటించింది: ఎస్సీలు 26,889, ఎస్టీలు 8,960, మహిళలు 1,44,787.

ఈ మూడు అంకెలను కూడి చూడండి. సరిగ్గా 1,80,636 వస్తుంది. అంటే ఏ ఖాతానూ రెండు గళ్ళలో లెక్కించలేదు. మరి ఈ పథకం కింద రుణం పొందిన మాదిగ స్త్రీ ఏ గడిలో ఉన్నట్టు? ఎస్సీల గడిలో ఉంటే ఆమె స్త్రీ అన్న సంగతి లెక్కలోంచి జారిపోయింది. మహిళల గడిలో ఉంటే ఆమె కులం జారిపోయింది. అసలు అలాంటి స్త్రీలు వందమంది ఉన్నారా, పదివేలమంది ఉన్నారా అన్నది ఆ పట్టిక చెప్పదు. చెప్పవలసిన అవసరం ఉందని కూడా దాన్ని తయారుచేసినవారికి తోచలేదు.

ఇంకొక లెక్క కూడా చేయవచ్చు. శాఖకు దళితుడో ఆదివాసీయో ఒకరు, మహిళ ఒకరు అన్న నియమం ప్రకారం రెండు వైపులా అంకెలు ఇంచుమించు సమానంగా ఉండాలి. కానీ ఎస్సీ, ఎస్టీలను కలిపితే 35,849 మాత్రమే. మహిళల ఖాతాలు దానికి నాలుగు రెట్లు. మహిళల విషయంలో 1.25 లక్షల లక్ష్యం దాటిపోయింది. దళిత, ఆదివాసీల విషయంలో అందులో మూడో వంతు కూడా చేరలేదు. మహిళలకు ఎక్కువ రుణాలు అందాయని ఇక్కడ ఎవరికీ దుఃఖం లేదు. వ్యాపారమంటే మగవాడిదేనని తరతరాలుగా నమ్మిన బ్యాంకులు ఇన్ని ఖాతాలు మంజూరు చేయడం మంచిదే. అయితే ఒకే పథకంలో, ఒకే శాఖలో, ఒకే అధికారి ముందు ‘మహిళ’ అన్న మాట తలుపు తెరిపించగా ‘ఎస్సీ’ అన్న మాట ఎందుకు తెరిపించలేకపోయింది అన్నది అడగవలసిన ప్రశ్న. స్త్రీ పేరిట తెరుచుకున్న తలుపులోంచి లోపలికి నడిచిన స్త్రీలు ఏ కులాలవారు అన్నది దాని వెనకాలే వచ్చే మరో ప్రశ్న.

ఇది ఒక్క ప్రభుత్వ పథకానికి పరిమితమైన సంగతి కాదు. స్త్రీల ఆర్థిక సాధికారత ఇవాళ ప్రపంచ అభివృద్ధి బ్యాంకులన్నిటికీ ప్రధాన నినాదం. 2018 జూన్‌లో కెనడాలోని షార్లెవ్వాలో జరిగిన జీ-7 సమావేశంలో ఆ ఏడు దేశాల అభివృద్ధి ఆర్థిక సంస్థలు ‘టూ ఎక్స్ ఛాలెంజ్’ పేరిట ఒక ప్రతిజ్ఞ చేశాయి. పేద దేశాల్లో స్త్రీలకు మేలు చేసే వ్యాపారాలలోకి 2020 లోగా 300 కోట్ల డాలర్లు మళ్లిస్తామన్నారు. ఆ లక్ష్యాన్ని దాటారు. తర్వాతి విడత లక్ష్యం 1,500 కోట్ల డాలర్లు. 2024లో మొదలైన మూడో విడత లక్ష్యం 2,000 కోట్ల డాలర్లు. మనకు బాగా పరిచయమైన బ్రిటిష్ ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ (పాత పేరు సీడీసీ), అమెరికా, జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ దేశాల అభివృద్ధి సంస్థలు ఇందులో ఉన్నాయి. ఇవి దానధర్మాలు చేసే సంస్థలు కావు. కంపెనీలలో వాటాలు కొంటాయి, అప్పులిస్తాయి, లాభం ఆశిస్తాయి. ప్రజల పన్నులతో ఏర్పడినవి కాబట్టి లాభంతోపాటు ఒక సామాజిక ప్రయోజనాన్ని కూడా చూపించాలి. ఆ ప్రయోజనాన్ని కొలవడానికి ఒక కొలబద్ద కావాలి. టూ ఎక్స్ ప్రమాణాలు ఆ కొలబద్ద.

మొదట రూపొందిన ప్రకారం ఇందులో ముఖ్యంగా నాలుగు ద్వారాలున్నాయి. కంపెనీలో 51 శాతం వాటా స్త్రీలదై ఉండాలి, లేదా దాన్ని స్త్రీ స్థాపించి ఉండాలి. ఉన్నత యాజమాన్యంలోనో డైరెక్టర్ల బోర్డులోనో 30 శాతం స్త్రీలుండాలి. ఉద్యోగులలో, రంగాన్ని బట్టి 30 నుంచి 50 శాతం స్త్రీలుండి, చట్టం విధించినదానికి మించి వారి పని పరిస్థితుల్లో ఏదో ఒక మెరుగుదల ఉండాలి. లేదా కంపెనీ అమ్మే వస్తువో సేవో ప్రత్యేకించి స్త్రీలకు ఉపయోగపడాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి నెరవేరినా చాలు, ఆ పెట్టుబడి స్త్రీ సాధికారత ఖాతాలో చేరుతుంది. యజమాని, అధికారి, కార్మికురాలు, ఖాతాదారు: ఈ నలుగురు స్త్రీలనూ ఒకే ‘మహిళ’గా చూసే కొలబద్ద ఇది. భారతదేశానికి దీన్ని తెచ్చి ఆనించి చూడండి. ఏ ద్వారంలోంచి ఏ కులం స్త్రీ లోపలికి వస్తుందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

యాజమాన్యం సంగతి ముందు. 2013-14లో జరిగిన ఆరవ ఆర్థిక గణన ప్రకారం దేశంలోని సంస్థల్లో స్త్రీల యాజమాన్యంలో ఉన్నవి 13.76 శాతం, సుమారు 80.5 లక్షలు. వాటిలో ఎస్సీ స్త్రీలవి 12.18 శాతం, ఎస్టీ స్త్రీలవి 6.97 శాతం. జనాభాలో ఈ వర్గాల వాటా 2011 లెక్కల ప్రకారం వరుసగా 16.6, 8.6 శాతం. తేడా ఉంది గానీ మరీ ఘోరంగా లేదే అనిపించవచ్చు. అసలు కిటుకు ఆ గణనలోనే మరో చోట ఉంది. స్త్రీల సంస్థల్లో 83 శాతానికి పైగా కూలికి ఒక్క మనిషినీ పెట్టుకోనివి. దాదాపు 79 శాతం ఏ బ్యాంకు సాయమూ లేకుండా సొంత డబ్బుతో నడుస్తున్నవి. అంటే బండి మీద ఇడ్లీ అమ్మే ఆమె, ఇంటి అరుగు మీద కుట్టు మిషను పెట్టుకున్న ఆమె, తట్టలో చేపలు మోసే ఆమె కూడా ఈ లెక్కలో ‘యజమానులు’. అభివృద్ధి బ్యాంకులు పెట్టుబడి పెట్టేది వీళ్లలో కాదు. వాళ్లకు కావలసింది లక్షల డాలర్ల వాటాను ఇముడ్చుకోగల కంపెనీ. అలాంటి కంపెనీని స్థాపించే స్త్రీకి ముందుగా ఉండవలసినవి తాకట్టు పెట్టడానికి ఆస్తి, మొదటి నష్టాన్ని భరించగల కుటుంబం, ముంబయిలోనో సింగపూరులోనో పెట్టుబడి నిధి నడిపే మనిషితో పరిచయం. ఈ మూడూ మన దేశంలో కులం పంచిపెట్టినవే.

ఆస్తి అన్నాం కాబట్టి భూమి సంగతీ చూడాలి. 2015-16 వ్యవసాయ గణనలో ఎస్సీల చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. స్త్రీల పేరిట ఉన్న కమతాలు సుమారు 14 శాతం. ఈ రెండు కొరతలూ ఒకే మనిషి మీద పడితే ఆమె చేతిలో మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు. పూచీకత్తు లేకుండా రుణమిస్తామని ఏ పథకం చెప్పినా, మేనేజరు కళ్ళు వెతికేది పట్టాదారు పాసుపుస్తకాన్నే.

ఇక నాయకత్వం. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించి అజిత్, డాంకర్, సక్సేనా 2012లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ప్రచురించిన వ్యాసం రాజకీయ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిది వేలకు పైగా సభ్యులలో దాదాపు 93 శాతం అగ్రకులాలవారు. ఎస్సీ, ఎస్టీలిద్దరూ కలిసి 3.5 శాతం. మరుసటి ఏడాది వచ్చిన కంపెనీల చట్టం లిస్టయిన ప్రతి కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలని నిర్దేశించింది. చాలా కంపెనీలు యజమాని భార్యనో కూతురినో ఆ కుర్చీలో కూర్చోబెట్టి చట్టాన్ని తృప్తిపరిచాయి. కుటుంబ స్త్రీలు కాకూడదని సెబీ ఆ తర్వాత స్వతంత్ర మహిళా డైరెక్టరు నిబంధన తేవలసి వచ్చింది. అప్పుడైనా ఆ స్త్రీ ఎవరు? ఉద్యోగంలో ఉన్నత పదవి దాకా ఎక్కిన, మంచి ఆంగ్లం మాట్లాడే, అదే క్లబ్బుల్లో తిరిగే వర్గపు స్త్రీ. ఆమె అర్హురాలు కాదని కాదు. అగ్రకుల పురుషుడి పక్కన అగ్రకుల స్త్రీ కూర్చున్నప్పుడు బోర్డులో మారినదేమిటి, మారనిదేమిటి అన్న వివేచన కొలబద్దలో లేదు.

మూడో ద్వారం ఉద్యోగం. ఇక్కడ దళిత, బహుజన స్త్రీ పుష్కలంగా కనిపిస్తుంది. కోస్తాలో రొయ్యల శుద్ధి కర్మాగారాలకు వెళ్లి చూస్తే చల్లటి నీళ్ళలో గంటల తరబడి నిలబడి తలలు తీసే చేతులన్నీ స్త్రీలవే. పలాసలో జీడిపిక్కల తొక్క ఒలిచి వేళ్ళు నల్లబడేదీ వాళ్ళకే. శ్రామికుల్లో స్త్రీలు సగానికి మించి ఉండటం ఇలాంటి పరిశ్రమలకు కొత్త ఆదర్శం కాదు. చౌకగా దొరుకుతారు, సంఘం పెట్టరు అన్న నమ్మకం మీద ఏర్పడిన పాత అలవాటు. అలాంటి కర్మాగారం ఒక శిశు సంరక్షణ గదిని ప్రారంభిస్తే మూడో ద్వారం దాటినట్టే. పెట్టుబడి నివేదికలో ఆమె ఒక శాతంగా మారుతుంది. యజమాని కులం, మేస్త్రీ కులం, తొక్క ఒలిచే ఆమె కులం వేర్వేరుగా ఉండటం ఆ నివేదికకు విషయం కాదు.

నాలుగో ద్వారం దగ్గర తెలుగు నేల కొంచెం ఎక్కువసేపు ఆగాలి. స్త్రీలకు ఉపయోగపడే సేవ అన్నప్పుడు ముందుగా గుర్తొచ్చేది స్త్రీలకిచ్చే అప్పు. ఆ ప్రయోగశాలగా ప్రపంచానికి పేరుపడింది మనమే.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం పొదుపు సంఘాలకు ఊపిరి పోసింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే కార్యక్రమాన్ని ఆరంభించింది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో ‘వెలుగు’ వచ్చింది. 2004 తర్వాత పావలా వడ్డీ. ఇదంతా ప్రభుత్వం తోడున్న దారి. దీని పక్కనే మరో దారి పడింది. మెదక్ జిల్లా నారాయణఖేడ్‌లో 1990ల చివర స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్కేఎస్ తర్వాత లాభాల కంపెనీగా మారింది. మన సిడ్బీ దానికి అప్పులివ్వడమే కాదు, వాటాదారుగా కూడా చేరింది. ఆ రోజుల్లో ‘స్త్రీల ఆర్థిక సాధికారతకు తోడ్పడే వ్యాపారంలో అభివృద్ధి బ్యాంకు పెట్టుబడి’ అన్న మాటకు దీనికన్నా చక్కని ఉదాహరణ దొరికేది కాదు. ఖాతాదారులంతా స్త్రీలు, అందరూ పేదలు, అప్పు తిరిగి చెల్లించే రేటు నూటికి నూరుకు దగ్గర.

ఆ నూటికి నూరు ఎలా వచ్చింది? ఐదుగురు స్త్రీలను ఒక జట్టుగా కడతారు. ఒకామె వాయిదా కట్టకపోతే మిగిలిన నలుగురూ కట్టాలి. కట్టేదాకా వారపు సమావేశం ముగియదు. ఈ జట్టు ఎక్కడ ఏర్పడుతుంది? పక్క పక్క ఇళ్ళల్లో. మన ఊళ్ళలో పక్క పక్క ఇళ్ళంటే ఒకే కులం. మాలపల్లిలో మాలలు, మాదిగవాడలో మాదిగలు. అంటే ఆ రుణ విధానం వాడకట్టునే పూచీకత్తుగా తీసుకుంది. తాకట్టుకు భూమి లేని స్త్రీ దగ్గర ఆమె పరువును తాకట్టు పెట్టించుకుంది. అప్పు ఎగవేసిందన్న మాట పడితే ఆమె ఎక్కడికీ పోలేదు. పెళ్ళికీ చావుకీ అక్కరకొచ్చేది ఆ నాలుగిళ్ళే. ఊరి నడుమ ఉన్న పెద్ద కులపు ఇల్లాలికి ఇంటాయన పేరిట పంట రుణం ఉంది, సహకార సంఘం ఉంది, బంగారం తాకట్టు ఉంది. వారం వారం వాయిదా కట్టే అప్పు ఆమెకు అక్కర్లేదు. స్త్రీలందరికీ అని చెప్పిన సేవ అలా ఊరి చివరకు నడిచి వెళ్లింది.

తర్వాత జరిగింది తెలిసిందే. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు సుమారు 50 మూయించారు. అది హెచ్చరిక. ఎవరూ వినలేదు. 2010 ఆగస్టులో ఎస్కేఎస్ వాటాలు స్టాక్ మార్కెట్లోకి వచ్చాయి. సుమారు 1,600 కోట్ల రూపాయల ఇష్యూకు 13 రెట్లకు పైగా గిరాకీ పలికింది. రెండు నెలలకే, అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యల వార్తల నడుమ, అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో వడ్డీకి గరిష్ఠ పరిమితి సూచించింది. సంస్కరణగా సూచించిన ఆ పరిమితే 24 శాతమంటే అంతకు ముందు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ పరిమితిని కూడా 2022లో రిజర్వు బ్యాంకు ఎత్తివేసింది. ఎస్కేఎస్ పేరు మార్చుకుని 2019లో ఒక ప్రైవేటు బ్యాంకులో కలిసిపోయింది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఆర్థిక సంస్థలకు మన రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది.

ఇంత చరిత్రలో లాభం ఎవరికి, వాయిదా ఎవరికి అని అడిగితే వర్గం పేరు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, లింగం పేరు చెప్పేవాళ్ళూ ఉన్నారు. కులం పేరిట లెక్క మాత్రం కట్టలేదు. ఎందరు దళిత స్త్రీలు ఎంత వడ్డీ కట్టారో ఆ కంపెనీల నివేదికల్లో ఉండదు, వాటిలో పెట్టుబడి పెట్టిన బ్యాంకుల నివేదికల్లోనూ ఉండదు. ఒకటి మాత్రం స్పష్టం. స్టాండప్ ఇండియాలో 10 లక్షల రుణానికి అందని స్త్రీయే ఇక్కడ పది వేల అప్పుకు ఆదర్శ ఖాతాదారు అయింది. పై రెండు ద్వారాల దగ్గర ఆమె లేదు. కింది రెండు ద్వారాల దగ్గర ఆమె తప్ప మరొకరు లేరు.

ఈ అదృశ్యం మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి స్త్రీలు వేసిన దావాలో 1976లో సెయింట్ లూయిస్‌లోని ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు చదవదగినది. కంపెనీ స్త్రీలను ఉద్యోగాల్లో తీసుకుంది కాబట్టి లింగ వివక్ష లేదన్నారు. ఆ స్త్రీలు తెల్లవారు. నల్లజాతివారి విషయంలో జాతి వివక్ష దావా వేరే ఉంది, దానితో కలవండి అన్నారు. కర్మాగారంలో ఉన్న నల్లవారు పురుషులు. నల్లజాతి స్త్రీ అనే కొత్త వర్గాన్ని చట్టం గుర్తించదని కోర్టు తేల్చింది. 1989లో కింబర్లీ క్రెన్షా ఈ తీర్పును విశ్లేషిస్తూ రాసిన వ్యాసం నుంచే ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ అన్న మాట విశ్వవిద్యాలయాలన్నిటికీ పాకింది. మన స్టాండప్ ఇండియా పట్టిక ఆ తీర్పుకు తెలుగు వ్యాఖ్యానంలా ఉంటుంది. నిజానికి అదే ప్రశ్నను స్త్రీవాద సాహిత్యం ముందు తెలుగు దళిత స్త్రీలు ఏనాడో పెట్టారు. ఆర్థిక శాస్త్రం దాకా అది ఇంకా చేరలేదు.

ఇక్కడ ఒక వింత ఉంది. రాజకీయాధికారం పంచేటప్పుడు ఈ రెండింటినీ కలిపి లెక్కించడం మన రాజ్యానికి బాగా తెలుసు. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 243డి అధికరణం పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీ స్థానాల్లోనే మూడో వంతు ఆ వర్గాల స్త్రీలకు కేటాయించింది. 2023 నాటి 106వ సవరణ లోక్‌సభలో, శాసనసభల్లో అదే పద్ధతి పాటించింది. బీసీ స్త్రీలకు అందులో చోటు లేదన్నది న్యాయమైన ఫిర్యాదే, దాన్నలా ఉంచుదాం. సర్పంచ్ కుర్చీ దగ్గర ‘ఎస్సీ మహిళ’ అన్న రెండు మాటల గడి ఉంటే, బ్యాంకు కౌంటరు దగ్గర ఎందుకు ఉండదు? రిజర్వు బ్యాంకు ప్రాధాన్య రంగ నిబంధనల్లో ‘బలహీన వర్గాల’కు 12 శాతం రుణాలు ఇవ్వాలి. ఆ వర్గాల జాబితాలో ఎస్సీ, ఎస్టీలు, మైనారిటీలు, చిన్న రైతులు, స్వయం సహాయక సంఘాలు, ఒక పరిమితి లోపు రుణం తీసుకున్న స్త్రీలు అందరూ ఉన్నారు. ఒకే కుండలో అందరినీ పోస్తే బ్యాంకు తనకు సులువైన వాళ్ళతో కుండ నింపుతుంది. అందులో దురుద్దేశం కూడా అక్కర్లేదు.

కలిపి లెక్కించడం సాధ్యం కాదని ఎవరైనా అంటే దక్షిణాఫ్రికాను చూపించవచ్చు. అక్కడ 2003లో వచ్చిన నల్లజాతి ఆర్థిక సాధికారత చట్టం కింద ప్రతి కంపెనీకీ ఒక మార్కుల పట్టిక ఉంటుంది. యాజమాన్యం, నియంత్రణ, కొనుగోళ్ళు వంటి అంశాల్లో మార్కులు పడతాయి. యాజమాన్యంలో నల్లజాతివారి వాటాకు కొన్ని మార్కులైతే, నల్లజాతి స్త్రీల వాటాకు విడిగా మార్కులు. కంపెనీ ఒక తెల్ల స్త్రీని బోర్డులో పెట్టి ఆ మార్కులు సంపాదించలేదు. ఆ చట్టం ఫలాలు నల్లజాతిలో పైకొచ్చిన పిడికెడుమందికే దక్కాయన్న విమర్శ అక్కడ బలంగా ఉంది. అది కొట్టిపారేయదగిన విమర్శ కాదు. కానీ ఆ విమర్శ చేయడానికైనా లెక్క ఉండాలి కదా. బ్రిటిష్ అభివృద్ధి సంస్థ కూడా 2022 నుంచి అమలుచేస్తున్న వ్యూహంలో ఆఫ్రికాలో నల్లజాతివారి యాజమాన్యం, నాయకత్వం ఉన్న వ్యాపారాల కోసం ప్రత్యేకంగా పెట్టుబడి పెడతామని చెప్పింది. ఆఫ్రికాలో జాతిని చూడగలిగిన కళ్ళకు భారతదేశంలో కులం కనబడకపోవడం వింత. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ పాటించే నిబంధనల్లో బలహీన స్థితికి కారణాలుగా జాతి, రంగు, లింగం, మతం, ‘సామాజిక మూలం’, ‘పుట్టుక’ అన్న మాటలున్నాయి. కులం అన్న మాట లేదు. కానీ మన దేశంలో పుట్టుక అంటే మరేమిటి?

ఇక్కడ సాధారణంగా వచ్చే అభ్యంతరం సమాచారం లేదన్నది. కంపెనీలను కులం అడగటం బాగుండదు, పెట్టుబడిదారులు వెనకాడతారు అంటారు. ప్రభుత్వ రంగ బ్యాంకుల రుణ దరఖాస్తులో సామాజిక వర్గం గడి ఎప్పటినుంచో ఉంది. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ళ విధానం మొత్తం కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల చిన్న సంస్థల నుంచి కొనాలంటుంది. 2018లో మహిళలకు 3 శాతం చేర్చారు. ఇక్కడా రెండు గళ్ళే, కలిసిన గడి లేదు. 1948లో పుట్టిన మొదటి అభివృద్ధి ఆర్థిక సంస్థ ఐఎఫ్‌సీఐ ఆధ్వర్యంలో 2015 జనవరి నుంచి ఎస్సీ వెంచర్ క్యాపిటల్ నిధి నడుస్తోంది. వాటాల్లో మెజారిటీ ఎస్సీలదైన కంపెనీలకే అది పెట్టుబడి ఇస్తుంది, ఎస్సీ స్త్రీలకు వడ్డీలో పావు శాతం తగ్గిస్తుంది. అంటే కంపెనీ వాటాల్లో కులాన్ని లెక్కించడం ఒక ప్రభుత్వ సంస్థ పదేళ్లుగా చేస్తున్న పనే. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కుల సర్వే చేసింది, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని ప్రకటించింది. 2025 ఏప్రిల్ 30న జనగణనలో కులాన్ని చేర్చాలని కేంద్రం నిర్ణయించింది. అదే నెల 14న ఎస్సీలను మూడు సమూహాలుగా వర్గీకరించిన చట్టం తెలంగాణలో అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలో, చదువులో మాదిగ, మాల, ఉపకులాల వాటాలను విడివిడిగా చూడవలసిన అవసరాన్ని రాజ్యం అంగీకరించిన కాలం ఇది. పెట్టుబడి దగ్గర మాత్రం ‘ఎస్సీ మహిళ’ అన్న గడి కూడా లేదు.

సాధికారత అంటే వాటాలూ అప్పులేనా అన్న ప్రశ్న కూడా ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. బీడు భూములను సాగులోకి తెచ్చారు, కౌలుకు తీసుకున్నారు, చిరుధాన్యాల విత్తనాలు దాచారు, 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. టూ ఎక్స్ కొలబద్దలో ఈ స్త్రీలు ఇమడరు, ఎందుకంటే అమ్మడానికి వాళ్ళ దగ్గర వాటాలు లేవు. 1947లో అంబేడ్కర్ ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ రాస్తూ వ్యవసాయ భూమిని రాజ్యం తీసుకుని కుల మత భేదం లేకుండా కౌలుకివ్వాలని ప్రతిపాదించడంలో ఉన్న తర్కం ఇదే: ఉత్పత్తి సాధనం చేతిలో లేనివాడికి స్వేచ్ఛా మార్కెట్ ఇచ్చేది స్వేచ్ఛ కాదు. 2014 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన మూడెకరాల పథకంలో పట్టా దళిత స్త్రీ పేరిట ఇచ్చారు. అమలు ఎంత దూరం సాగిందన్నది వేరే చర్చ, ఆ నియమం మాత్రం గొప్పది. 2021 నాటి దళితబంధు వచ్చేసరికి 10 లక్షలు కుటుంబానికి. స్త్రీ తిరిగి కుటుంబంలో కలిసిపోయింది.

2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి కొత్త పథకం ప్రకటించారు. మొదటిసారి పారిశ్రామికులవుతున్న 5 లక్షల మంది మహిళలకు, ఎస్సీలకు, ఎస్టీలకు ఐదేళ్లలో 2 కోట్ల రూపాయల దాకా రుణాలిస్తారట. స్టాండప్ ఇండియా అనుభవాల నుంచి నేర్చుకుని రూపొందిస్తామన్నారు. ప్రకటనలో మళ్ళీ ఆ మూడు పేర్లే, మధ్యలో కామాలు. ఐదు లక్షల్లో ఎస్సీ స్త్రీలకు ఇంత, ఎస్టీ స్త్రీలకు ఇంత, బీసీ, మైనారిటీ స్త్రీలకు ఇంత అని మార్గదర్శకాల్లో రాయకపోతే, నాలుగు రెట్ల తేడా మళ్ళీ పునరావృతమవుతుంది. ప్రజల డబ్బుతో నడిచే ఏ అభివృద్ధి బ్యాంకు అయినా, మనదైనా బ్రిటన్‌దైనా, భారతదేశంలో ‘మహిళా సాధికారత’ ఖాతాలో వేసుకున్న ప్రతి పెట్టుబడికీ యజమానులు, బోర్డు సభ్యులు, కార్మికులు, ఖాతాదారులు అనే నాలుగు చోట్లా స్త్రీల సామాజిక వర్గాన్ని ప్రకటించాలన్న షరతును పార్లమెంటులోనూ శాసనసభల్లోనూ మన ప్రతినిధులు అడగాలి.

విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థులు అంతదాకా ఆగనక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. కేంద్ర ఆర్థిక సేవల శాఖకూ, సిడ్బీకీ అడగవలసిన ప్రశ్న ఇది: స్టాండప్ ఇండియా కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎస్సీ మహిళలకు, ఎస్టీ మహిళలకు, బీసీ మహిళలకు, ఇతర మహిళలకు విడివిడిగా మంజూరైన ఖాతాలెన్ని, మొత్తమెంత, అందులో నిజంగా చేతికందినదెంత? జిల్లాల వారీగా ఇవ్వండి.